కైఫియత్తుల కర్నల్ కాలిన్ మెకంజీ

కైఫియత్ అనే మాట ఈ సంచిక చదివే ఉభయ భాషల పాఠకులకూ పరిచితమే. అరబ్బీలో ఎట్లు అని ప్రశ్నించే కైఫ అనే పదం దానికి మూలం. ఎట్లున్నది, ఎట్లు జరిగినది అన్న వివరమే కైఫియత్. పారసీక కచేరీ భాష ద్వారా ఈ మాట తెలుగుదేశానికి వచ్చి, జిల్లా, తాలూకా, వసూలు, రసీదు, నకలు మొదలైన మాటలవలెనే మన గ్రామాలలో స్థిరపడినది. అయితే వాటికి లేని ఒక గౌరవం దీనికి దక్కినది. ఒక ఊరు తన పుట్టుపూర్వోత్తరాలను, తన గుడిని, చెరువును, పొలిమేరలను, కరణాల వంశాలను, తాను చూచిన ప్రభుత్వాలను గూర్చి తానే చెప్పుకొన్నట్లుగా ఉండే వ్రాతకు తెలుగునాట ఇదే పేరు నిలిచిపోయినది. ఈ వ్రాతలను సంపాదించి కూర్పించిన కర్నల్ కాలిన్ మెకంజీ జీవితాన్ని మా విద్యార్థుల కోసం ఇక్కడ చెప్పదలచినాము. తమ తాత ముత్తాతల వివరాలు ఎక్కడ వెదకవలెనని అడిగే గొలుగొండ, నర్సీపట్నం ప్రాంతపు విద్యార్థులను ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొన్నాము.

మెకంజీ స్కాట్లండు దేశానికి వాయవ్యంగా సముద్రంలో ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే అనే చిన్న రేవు పట్టణంలో 1754 ప్రాంతంలో జన్మించినాడు. తండ్రి వర్తకుడు. కుమారుడు యౌవనంలో ఆ రేవులోనే సుంకాల కచేరీలో ఉద్యోగం చేసినాడు. గణితంలో అభిరుచి మెండు. ఆ అభిరుచియే అతనిని ఒక ప్రభువంశపు కుటుంబ చరిత్రలోనికి లాగినది. లాగరిథములను కనుగొని 1614లో లోకానికి వెల్లడించిన జాన్ నేపియర్ పేరు గణిత విద్యార్థులు ఎరుగనిది కాదు. ఆ వంశానికి చెందిన నేపియర్ ప్రభువొకడు తన పూర్వికుని జీవితాన్ని వ్రాయవలెనని సంకల్పించి, హిందువులకు లాగరిథముల వంటి గణిత రహస్యాలేమైనా తెలిసియుండెనా అన్న సంగతిని విచారించే పని ఈ యువకునికి అప్పగించినాడు. ప్రభువు మరణించుటతో ఆ గ్రంథం అప్పటికి ఆగిపోయినది. నేపియర్ జీవిత చరిత్ర ఆ వంశస్థుడైన మరొకరి చేతి మీదుగా 1834లో గాని వెలువడలేదు. అప్పటికి మెకంజీ పోయి 13 ఏండ్లయినది. ఇంతకూ ఒక కుటుంబం తన పూర్వికుని గూర్చి తెలిసికొనగోరుట ఆ యువకుని మనస్సును భారతదేశం వైపు మరలించినది.

కుంఫిణీ సైన్యంలో ఉద్యోగం సంపాదించి 1783లో ఆయన చెన్నపట్నంలో ఓడ దిగినాడు. అప్పటికి వయస్సు సుమారు 30 ఏండ్లు. సైనికోద్యోగానికి అది ఆలస్యమే. ఆ తరువాత 38 ఏండ్లు బ్రదికినా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టరు తన భర్తతో కూడా మధురలో నివసించేది. తండ్రి తలపెట్టిన గ్రంథం కోసం ఆమె మెకంజీని మధురకు పిలిపించి, అక్కడి పండితులతో పరిచయం కలిగించినది. గణితం కోసం మొదలైన ఆ సంభాషణలు దేవాలయాలకు, శాసనాలకు, రాజవంశాలకు మళ్లినవి. దక్షిణదేశ చరిత్రకు కావలసిన సామగ్రి పుస్తకశాలలలో కాక గ్రామాలలో, గుడులలో, కరణాల ఇండ్లలో ఉన్నదన్న ఎరుక ఆయనకు అక్కడ కలిగినదని చెప్పవచ్చును.

అయితే ఎరుక కలుగుట వేరు, పని సాగుట వేరు. మొదటి 13 ఏండ్లూ ఆయనకు యుద్ధాలతోను, దారుల కొలతలతోను గడచిపోయినవి. నెల్లూరు, గుంటూరు సీమలలో మార్గాలను కొలచినాడు. 1790 నుండి 1792 వరకు టీపూ సుల్తానుతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ పిమ్మట హైదరాబాదులో నిజాము సహాయ సైన్యానికి ఇంజనీరుగా నియమితుడై నిజాము రాజ్యపు పటాలను సిద్ధం చేయుటకు పూనుకొన్నాడు. 1794లో శ్రీశైలం దర్శించి, ఆ ఆలయ ప్రాకారం మీది శిల్పాలను వర్ణిస్తూ వ్రాసిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశోధన సంపుటంలో ప్రకటితమైనది. నల్లమల అడవిలో నాటి ప్రయాణం ఎంత కష్టసాధ్యమో ఈనాడు బస్సులో వెళ్లేవారికి ఊహకు అందదు.

ఇన్ని తిరిగినా ఆయనకు ఒక్క దేశభాషయు రాలేదు. ఇది విస్మరింపదగిన సంగతి కాదు. తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ భాషలలో వేలకొలది పత్రాలను సేకరించిన మనుష్యుడు వాటిలో ఒక్కదానినైనా స్వయంగా చదువుకొనలేకపోయినాడు. కాబట్టి మెకంజీ జీవితం చెప్పుట అంటే ఆయనకు చదివి వినిపించినవారి జీవితం కూడా చెప్పుటయే. సింహళ యుద్ధం నుండి 1796లో తిరిగివచ్చిన తరువాత కావలి వెంకట బొర్రయ్య తనకు లభించుటతోనే అసలు పని ఆరంభమైనదని మెకంజీయే తరువాత ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. పై అధికారి తన క్రింది ఉద్యోగి ఋణాన్ని ఇంత స్పష్టంగా అంగీకరించుట ఆ కాలంలో అరుదు.

బొర్రయ్య 1776లో ఏలూరులో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించినాడు. మెకంజీ వద్ద చేరేనాటికి ఇరువది ఏండ్ల యువకుడు. సంస్కృతాంధ్రాలలో పాండిత్యం, ఇంగ్లీషులో ప్రవేశం, తమిళ కన్నడాలలో పరిచయం అతనికి ఉండినవి. వీటికి మించినది మరొకటి ఉన్నది. మందితో మాట్లాడే నేర్పు. సర్కారు మనిషి వచ్చి పాత కాగితాలు చూపుమని అడిగితే ఏ కరణమైనా బెదరుతాడు. శిస్తు పెంచుటకో, ఇనాము తీసివేయుటకో వచ్చినాడని అనుమానిస్తాడు. ఆ అనుమానం తీర్చి, కావిడిపెట్టె అడుగున ఉన్న కవిలెకట్టను బయటికి తీయించుట తుపాకి వలన జరిగే పని కాదు. బొర్రయ్య అట్టి పని చేయగలిగినాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి సమయంలో మెకంజీ వెంట ఉన్నాడు. పిమ్మట మైసూరు దేశమంతా తిరిగి, అంతవరకు ఎవరికీ కొరుకుడు పడని హళెగన్నడ శాసనాలను చదువుటకు మార్గం కనుగొన్నాడు. ముద్గేరి అనే చోట ఒక జైన గురువు చెప్పిన వివరాలను అతడు ఇంగ్లీషులోనికి మార్చగా, అవి 1807లో ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అతని పేరుతోనే ప్రకటింపబడినవి. ఆ అచ్చు ప్రతిని అతడు చూడలేదు. 1803లోనే, 27 ఏండ్లయినా సరిగా నిండకముందే అతడు మరణించినాడు. మెకంజీ చెన్నపట్నపు సముద్రతీరాన అతనికొక స్మారకచిహ్నం కట్టించినాడు. ఒక కుంఫిణీ అధికారి తన దుబాసీ కోసం అట్లు చేసినాడనుట ఆ స్నేహానికి నిదర్శనం.

అన్న నారాయణప్ప, తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి కూడా ఆ కొలువులోనే ఉన్నారు. బొర్రయ్య స్థానంలోనికి లక్ష్మయ్య వచ్చినాడు. మెకంజీ చివరి వరకు, ఆ తరువాత కూడా, ఈ పని భారం మోసినవాడు లక్ష్మయ్యయే.

టీపూ పతనానంతరం మైసూరు రాజ్యాన్ని కొలచి పటం వ్రాయవలసినదిగా గవర్నరు జనరలు వెల్లెస్లీ మెకంజీని నియమించినాడు. సుమారు 40,000 చదరపు మైళ్ల నేల. జ్వరాలు, అడవులు, చాలీచాలని వేతనాలు. సర్వే మధ్యలోనే ఖర్చులు తగ్గించుమని పైవారి ఉత్తరువులు. కొలతగొలుసు పట్టిన మనుష్యులు ఊరూరా పొలిమేరలు గుర్తిస్తూ ఉంటే, వారి వెనుకనే మెకంజీ గుమాస్తాలు ఆ ఊరి కథను వ్రాసికొంటూ వచ్చినారు. నేల కొలత ప్రభుత్వం సొమ్ముతో జరిగినది. కథల సేకరణకు అధికభాగం ఆయన స్వంత జీతం నుండి ఖర్చయినది. 1800లో నిజాము కుంఫిణీకి ధారాదత్తం చేసిన బళ్లారి, కడప సీమలలోను ఇదే పద్ధతిని తరువాత అనుసరించినారు. నారాయణరావు, ఆనందరావు మొదలైన సహాయకులు ఊళ్లవెంట తిరిగి, నెలనెలా తాము ఏ గ్రామంలో ఏమి సంపాదించినదీ, ఎవరు ఇచ్చినదీ, ఎవరు ఇవ్వక దాచినదీ దినచర్యలుగా వ్రాసి పంపేవారు.

కైఫియత్ రూపం ఎట్లుంటుందో విద్యార్థులకు కొంచెం వివరించవలెను. మొదట ఫలానా తాలూకా, ఫలానా సమతు, ఫలానా మౌజే అని ఊరి చిరునామా ఉంటుంది. తరువాత ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది, అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, ఏ రాజు ఏ సంవత్సరంలో ఎవరికి అగ్రహారంగా ఇచ్చినాడు అన్నది వస్తుంది. గజపతులు, రాయలవారు, కుతుబ్షాహీలు, మొగలాయీ అమీళ్లు వరుసగా కనిపిస్తారు. గుడికి మాన్యం ఎంత, దర్గాకు ఇనాము ఎంత, చెరువు తెగినప్పుడు ఎవరు కట్టించినారు, కరువులో ఎవరు ఊరు విడిచిపోయినారు అన్న సంగతులు ఉంటాయి. ఆ పైన ఊరి కరణీకం ఎవరికి ఎన్ని వంతులుగా చెందుతున్నదో చెప్పబడుతుంది. వాటికి ఆధారం కరణాలు తరతరాలుగా తాటాకుల మీద వ్రాసియుంచుకొన్న దండకవిలెలు. కొండవీటి సీమ కైఫియత్తులలో గోపరాజు రామన్న నియోగులకు గ్రామ కరణీకాలను ఇంటిపేర్ల వారీగా పంచియిచ్చిన కథ ప్రసిద్ధమే. ఆ జాబితాలో తమ ఇంటిపేరు చూచుకొని సంతోషించే కుటుంబాలు నేటికీ గుంటూరు మండలంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కైఫియత్ చెప్పినవాడు సామాన్యంగా కరణమే. కరణానికి తన మిరాసీ హక్కు మీద ఆశ ఉంటుంది. కాబట్టి తన వంశాన్ని నాలుగు తరాలు పైకి జరిపి చెప్పుకొనుటకు, ప్రత్యర్థి దాయాదిని మరచిపోవుటకు అతనికి కారణమున్నది. రాజుల కాలక్రమం తారుమారయిన కైఫియత్తులు అనేకం. కొందరు చరిత్రకారులు ఈ కారణం చేత వీటిని పుక్కిటి పురాణాలని త్రోసివేసినారు. మా అభిప్రాయం అది కాదు. రాజు పేరు తప్పు కావచ్చును గాని చెరువు పేరు తప్పు కాదు. పొలిమేర రాయి తప్పు కాదు. ఊరిలో ఎన్ని కులాల ఇండ్లు ఉండినవో, ఏ పైరు పండినదో చెప్పుటలో కరణానికి అబద్ధమాడవలసిన పని లేదు. నేలటూరి వెంకటరమణయ్యగారి వంటి పరిశోధకులు విజయనగర చరిత్రకు ఈ వ్రాతలనుండి ఎంతటి సామగ్రిని వెలికితీసినారో 1946లో వెలువడిన వారి ఆధార గ్రంథ సంపుటాలు చూచినవారికి తెలుస్తుంది. అబద్ధం ఎక్కడ ఉండగలదో ముందుగా గుర్తించి చదివితే కైఫియత్ విలువైన సాక్షి.

గొలుగొండ ప్రాంతానికి ఈ పద్ధతి ఎట్లు ఉపకరిస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాము. పూర్వపు తాలూకాకు పేరు గొలుగొండదే అయినా కచేరీ నర్సీపట్నంలో ఉండేది. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇది చేరినది. ఉత్తర సర్కారులలో 1802లో శాశ్వత పరిష్కారం జరిగి జమీందారీలు ఏర్పడినవి. జమీందారీ గ్రామాలలో రైతు పేరు జమీందారు దివాణపు లెక్కలలో ఉంటుంది గాని సర్కారు దఫ్తరంలో తేలికగా కనబడదు. గొలుగొండ జమీ శిస్తు బకాయి క్రింద 1837లో వేలానికి వచ్చి ప్రభుత్వపరమైనది. దీని వలన భూపతి వంశస్థులకు కలిగిన కష్టం, ఆ వంశం పేరిట 1845 నుండి 1848 వరకును, తిరిగి 1857, 1858 సంవత్సరాలలోను కొండలలో రేగిన తిరుగుబాట్లు వేరే కథ. కుటుంబ చరిత్ర వెదకేవానికి మాత్రం దాని ఫలితం ఒకటున్నది. సర్కారు గ్రామాలలో రైతువారీ పద్ధతి అమలు జరిగినది గనుక సెటిల్మెంటు రిజిస్టరులో సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరు నేరుగా వ్రాయబడినది. జమీందారీ ఊరి రైతుకు లేని ఈ సదుపాయం గొలుగొండ రైతు మనుమనికి ఉన్నది.

అన్నిటికంటె విలువైనది ఇనాము రిజిస్టరు. 1858లో చెన్నపట్నం ప్రభుత్వం ఇనాం కమిషనును ఏర్పరచి, మాన్యాలన్నిటినీ ఊరి వారీగా విచారించినది. మొదటి గ్రహీత ఎవరు, ఇచ్చినవారెవరు, ఏ సేవ కోసం ఇచ్చినారు, ప్రస్తుత అనుభవదారు ఎవరు, అతనికి వారసులెవరు అన్న కాలములు అందులో ఉంటాయి. అర్చకులు, వైద్యులు, కుమ్మరులు, నట్టువలు, ఖాజీలు, మసీదు ముజావర్లు, దర్గా సేవకులు, అందరూ తమ హక్కు నిలుపుకొనుటకు ఆ అధికారి ఎదుట తమ తాతల పేర్లు చెప్పవలసివచ్చినది. మన ముస్లిం కుటుంబాలలో ఇంటిపేరు లేనివారు, ఉన్నా రెండు తరాలకొకసారి మారినవారు ఎక్కువ. అట్టివారికి 19వ శతాబ్దంలో ముత్తాత పేరు దొరికే చోటు చాలాసార్లు ఈ ఇనాము రిజిస్టరే. ఖాజీల వద్ద ఉండే నికాహ్ పుస్తకాలు దాని తరువాతివి. వక్ఫు ఆస్తుల సర్వే నివేదికలు ఇంకా తరువాతివి. నికాహ్ నామాలో వధువు తండ్రి పేరు, సాక్షుల పేర్లు, వకీలు పేరు ఉండుట చేత ఒకే కాగితం మీద నాలుగైదు కుటుంబాలు కనబడతాయి. ఆడపడుచు పేరు వ్రాతలో మిగిలే కొద్ది చోట్లలో ఇది ఒకటి.

ఈ కాగితాలు చదువుటకు రెండు చిన్న విద్యలు కావలెను. మొదటిది ఫసలీ లెక్క. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ ఆరంభమైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. ఫసలీ 1300 అని ఉంటే 1890 జూలై నుండి 1891 జూన్ వరకు అన్నమాట. రెండవది గొలుసుకట్టు వ్రాత. కరణం కలం ఎత్తకుండా వ్రాసిన అక్షరాలు మొదట చీమల బారువలె కనబడతాయి. ఒక గుమాస్తా చేతివ్రాతను పది పుటలు చూచినవానికి పదునొకండవ పుట దానంతటదే విడివడుతుంది. మా విద్యార్థులు ఉర్దూ షికస్తా చదువుటకు పడే శ్రమతో పోలిస్తే ఇది తక్కువే.

కొండల మీది కుటుంబాలకు మరొక దారి ఉన్నది. ఏజెన్సీలో ముఠాదారులకు సర్కారు సనదులు ఇచ్చేది. వారసుడు మారినప్పుడల్లా ఆ మార్పు నమోదయ్యేది. 1969 రెగ్యులేషనుతో ముఠాలు రద్దయినా ఆ సనదుల నకళ్లు కుటుంబ పత్రాలుగా విలువ కోల్పోలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు జరిపిన దాడుల తరువాత నడచిన కేసులలో ఎందరో కొండదొరల వివరాలు నమోదయినవి. ఆ వీరుని సమాధి గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలోనే ఉన్నది. శిస్తు కట్టినవాడు, శిక్ష పడినవాడు, వీరిద్దరి పేర్లే సర్కారు కాగితాలలో తప్పక మిగులుతాయి. కూలి చేసికొని బ్రదికినవాని పేరు ఏ కాలములోను పడదు. మెకంజీ గుమాస్తాలు కూడా వానిని అడుగలేదు.

1810లో మెకంజీ చెన్నపట్నం ప్రభుత్వానికి సర్వేయరు జనరలు అయినాడు. మరుసటి యేడు జావా దండయాత్రకు వెళ్లి, రెండేండ్లు అక్కడ ఉండి, అక్కడి భూముల పద్ధతులను, శిథిలాలను గూర్చి కూడా కాగితాలు పోగుచేసినాడు. అక్కడనే డచ్చి కుటుంబానికి చెందిన పెట్రొనెల్లాను వివాహమాడినాడు. 1815లో భారతదేశానికంతటికీ మొదటి సర్వేయరు జనరలు పదవి ఆయనను వరించినది. 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు ఆయన పటం వ్రాసినాడు. ఎర్రని సైనిక దుస్తులలో పొడగరి అయిన దొర నిలిచి ఉండగా, చుట్టూ ముగ్గురు భారతీయులు కనిపిస్తారు. ఒకరు తాళపత్రాలు పట్టిన జైన పండితుడు ధర్మయ్య అనియు, ఒకరు కావలి లక్ష్మయ్య అనియు, దుర్భిణి పట్టినవాడు కిష్ణాజీ అనే బంట్రోతు అనియు గుర్తించినారు. దొరల పటాలలో నౌకరులు తరచుగా అలంకారం కోసం ఉంటారు. ఈ పటంలో వారు అందుకోసం లేరని మా నమ్మకం.

అమరావతి సంగతి చెప్పక ముందుకు పోరాదు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తూ ఉండగా దిబ్బలో చెక్కడపు చలువరాళ్లు బయటపడినవి. మెకంజీ 18వ శతాబ్దం చివరలో ఒకసారి దానిని చూచినాడు. 1816లో తిరిగివచ్చేసరికి రాళ్లు అనేకం చెదరిపోయి, మెట్లకును గోడలకును పోయినవి. మిగిలిన వాటిని చిత్రకారులచే యథాతథంగా వ్రాయించినాడు. తరువాత పగిలిపోయిన, కనబడకపోయిన ఎన్నో శిల్పాల రూపం ఆ చిత్రాలలోనే మనకు మిగిలినది.

1817లో కలకత్తాకు మారవలసివచ్చినది. చెన్నపట్నపు పండితులలో అధికులు అంతదూరం రాలేకపోయినారు. లక్ష్మయ్య, రామస్వామి, మరికొందరు వెంట వెళ్లినారు. సామగ్రి అంతా క్రమపరచి ఒక వివరణ పట్టిక వ్రాయవలెనని మెకంజీ ఆశ. ఉద్యోగపు పనులు, క్షీణించిన ఆరోగ్యం దానికి అవకాశమివ్వలేదు. 1821 మే 8న ఆయన మరణించినాడు. కలకత్తా పార్కు వీధి శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. స్వయంగా ఒక గ్రామ చరిత్రనైనా పూర్తి చేసి ప్రకటించకుండానే పోయినాడు.

భార్య ఆ సామగ్రిని లక్ష రూపాయలకు కుంఫిణీకి విక్రయించినది. హోరేసు విల్సను అనే సంస్కృత పండితుడు దానికి పట్టిక తయారుచేసి 1828లో రెండు సంపుటాలుగా అచ్చొత్తించినాడు. దాని లెక్క ప్రకారం సాహిత్య వ్రాతప్రతులు 1,568, గ్రామ చరిత్రల వంటి స్థానిక పత్రాలు 2,070, శాసన ప్రతులు 8,076, అనువాదాలు 2,159, చిత్రాలు 2,630, నాణెములు 6,218. విల్సనుకు దక్షిణదేశ భాషలు రావు. ఆయన కూడా మెకంజీ గుమాస్తాల అనువాదాల మీదనే ఆధారపడినాడు. ఆ పిమ్మట సామగ్రి విడిపోయినది. కొంత లండనుకు, కొంత కలకత్తాలో, దక్షిణ భాషల పత్రాలు తిరిగి చెన్నపట్నానికి.

ఇక్కడ లక్ష్మయ్య కథ మనస్సును కలచివేస్తుంది. పాతికేండ్లు ఆ పత్రాలను సంపాదించినవాడు, చదివినవాడు, ఏది ఎక్కడిదో ఎరిగినవాడు అతడొక్కడే. మెకంజీ ఆగిన చోటినుండి పని సాగించుటకు తనను నియమించుమని ప్రభుత్వాన్ని అర్థించినాడు. చెన్నపట్నంలో దేశీయులతో ఒక సాహిత్య సంఘాన్ని నెలకొల్పి దాని ద్వారా పని కొనసాగింపజూచినాడు. ఆ విన్నపం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్లినది. అశోకుని లిపిని చదివి కీర్తి గడించనున్న జేమ్స్ ప్రిన్సెప్పు అప్పుడు దాని కార్యదర్శి. పత్రాలు సేకరించుటకు దేశీయుడు పనికివచ్చును గాని వాటిని విమర్శించి చరిత్ర వ్రాయుటకు తగడని 1836లో తీర్పు వచ్చినది. పని విలియం టేలరు అనే మతాచార్యునికి అప్పగించినారు. తమ్ముడు రామస్వామి మాత్రం ఎవరి అనుమతికీ వేచియుండక, దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో వ్రాసి 1829లో కలకత్తాలో తానే ప్రకటించినాడు. ఆంధ్ర కవుల జీవితాలను గూర్చి ఇంగ్లీషులో వచ్చిన తొలి గ్రంథాలలో అది ఒకటి. విమర్శించుటకు దేశీయుడు తగడన్న తీర్పు వచ్చేనాటికి ఆ పుస్తకం అచ్చయి ఏడేండ్లయినది.

చెన్నపట్నం చేరిన పత్రాలు చెమ్మకును పురుగులకును ఆహారమవుతూ వచ్చినవి. నాసిరకపు కాగితం, పాలిపోయిన సిరా. వాటిని రక్షించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. కడపలో ఉద్యోగిగా తెలుగు నేర్చిన ఆ దొర, శిథిలమవుతున్న తెలుగు కైఫియత్తులకు లేఖకుల చేత శుద్ధప్రతులు వ్రాయించినాడు. స్థానిక చరిత్రలు అన్న అర్థం వచ్చే పేరుతో అరువదికి పైగా సంపుటాలు చెన్నపట్నపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో నిలిచినవి. నేడు మెకంజీ కైఫియత్తులని మనం చదివేవాటిలో అధికభాగం బ్రౌను వ్రాయించిన నకళ్లే. మెకంజీ గుమాస్తాకు కరణం చెప్పినది, గుమాస్తా వ్రాసినది, బ్రౌను లేఖకుడు దించినది. ఇన్ని చేతులు మారినప్పుడు ఇంటిపేర్లలో అక్షరదోషాలు చేరుట సహజం. ఇంటిపేరు వెదకేవారు ఒకే రూపం కోసం చూడక, దానికి దగ్గరి రూపాలు కూడా చూడవలెను.

ఒక కచేరీ రికార్డు గదిలో ఈ తరగతికి చెందిన మూటలు చెదపుట్టగా మారియుండుట మేము చూచినాము. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు గ్రామ లెక్కలు చేతులు మారినవి. కొన్ని తాలూకా కచేరీకి చేరినవి, కొన్ని పూర్వపు కరణాల అటకల మీదనే ఉండిపోయినవి. అట్టి ఇండ్లు గొలుగొండ, నర్సీపట్నం గ్రామాలలో ఇంకను ఉన్నవి. సర్కారు మనిషిగా కాక పొరుగింటి పిల్లవానిగా వెళ్లి, పెద్దాయన పక్కన కూర్చుండి అడిగితే మూట విప్పేవారు ఉంటారు. మూట తీసికొనిపోరాదు. అక్కడనే కూర్చుండి నకలు వ్రాసికొని, ఊరి పేరు, తేదీ, ఇచ్చినవారి పేరు పైన వేసికొనవలెను. మెకంజీ మనుష్యులు తమ దినచర్యలలో అట్లే వేసికొన్నారు.

కడపలో బ్రౌను నివసించిన స్థలంలోనే ఆయన పేర ఒక గ్రంథాలయం వెలసినది. కడప జిల్లా కైఫియత్తులను అది సంపుటాలుగా అచ్చువేసినది. ఆ పుస్తకం చేతికి వచ్చిన పల్లెటూరి మనిషి మొదట చూచేది పీఠిక కాదు. విషయసూచికలో తన ఊరి పేరు ఉన్నదా లేదా అని వేలుపెట్టి వెదకుతాడు. ఊరు దొరికిన తరువాత చెరువు పేరు, ఆ తరువాత తన ఇంటిపేరు.